గోపయ్య చెప్పిన పదిమంది

చెరువులు పొంగి రామంతాపూర్ బస్తీలు మునిగి, జనాన్ని పడవల్లో బయటికి తెచ్చిన ఏడు ఉంది చూడండి, దానికి మూడో ఏడు జరిగింది ఇది.

నాచారంలో మూతబడ్డ నూలు మిల్లు గోడ ఒకటి ఉంది. ఆ గోడ పొడుగునా తెల్లారేసరికి పద్దెనిమిది మంది కూరగాయలు పరుచుకుని కూర్చునేవాళ్ళు. మొదట గోపయ్య: వంకాయ, బెండకాయ, టమాట. ఆయన పక్కన ఈరమ్మ: పుంటికూర, తోటకూర, గంగవాయిలి కూర. ఆమె పక్కన జగన్ ఉల్లిగడ్డ బండి. మిగతావాళ్ళు ఆ తర్వాత.

ఆ మిల్లు కట్టక ముందు అక్కడ గోపయ్య తండ్రి మడులు ఉండేవని పాతవాళ్ళు చెబుతారు. గోపయ్య చెప్పడు. గోపయ్య ఏదీ చెప్పడు. బేరమాడితే తల అడ్డంగా ఊపుతాడు. ఇంకా ఆడితే నాలుగు పచ్చిమిరపకాయలు సంచిలో వేస్తాడు. అదే ఆయన మాట.

ఈరమ్మకు మోకాళ్ళు పోయాయి. ఇల్లు గోడ వెనక సందులోనే కాబట్టి కర్ర పట్టుకుని వచ్చి కూర్చునేది. ఆకుకూర మూటలు ఆటోలోంచి దించి ఆమె ముందు పెట్టడం గోపయ్య పని. ఎవరూ చెప్పకుండానే చేసేవాడు. ఆమె భర్త పోయి పన్నెండేళ్ళు. ఆ నాలుగడుగుల జాగా ఆమెకు బువ్వ పెట్టేది. పొద్దున ఆరింటికి ఎదురుగా ఉన్న మందుల కంపెనీలో రాత్రి డ్యూటీ దిగిన ఆడవాళ్ళు గేటు దాటి నేరుగా ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు. కట్టలు విప్పే తీరిక కూడా ఇచ్చేవాళ్ళు కాదు.

ఆషాఢంలో ఒక శుక్రవారం స్పందన అనే అమ్మాయి వచ్చింది. మల్కాజిగిరి పిల్ల, చదువుకుంటూ సర్వే పని చేస్తోంది. మెడలో కార్డు, చేతిలో అట్ట, అట్టకు కాగితాలు. వచ్చి వెంటనే అడగలేదు. గంటసేపు ఎదురుగా నిలబడి గీతలు గీసుకుంది. అప్పుడు గోపయ్య ముందు గొంతుకూర్చుంది.

"తాతా, కూరగాయల అంగళ్ళు యేడ ఉంచాలె, యేడికెళ్ళి మార్చాలె అని మున్సిపాల్టోళ్ళు ప్లాన్ జేస్తున్రు. జనం మస్తుగ కొనే జాగల ఉంచి, నీడ, నీళ్ళు, లైట్లు ఇస్తరు. గిరాకి లేని జాగ ఉంటె అక్కడోళ్ళను కొత్త షెడ్లకు పంపుతరు. గందుకే అడుగుతున్న. రోజుకు నీ దగ్గర ఎంతమంది కొంటరు?"

పిల్ల దాచకుండా, తిప్పకుండా చెప్పింది. అందరూ విన్నారు. నమ్మినవాళ్ళు లేరు. ఇంతకు ముందు ఇలాగే అట్ట పట్టుకుని ఒకడు వచ్చి పోయాక జాగా కిరాయి పెరిగింది మరి.

"ఆయన నోరు తెరవాలంటే ముహూర్తం పెట్టాలె అక్కా," అన్నాడు జగన్. "పంచాంగం తెచ్చినవా?"

గోపయ్య వంకాయలు సర్దుతున్నాడు. ఆయన తండ్రి కల్లంలో కుప్ప కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు. ఎన్నయినై అని దారిన పోయేవాడు అడిగితే, "ఏడ పండింది, పిట్టలకే సాలలే" అనేవాడు. పండిన లెక్క బయటపెడితే కన్ను పడుతుంది, కన్ను వెనకే చెయ్యి పడుతుంది. ఆ ఇంట్లో అందరికీ అదే అలవాటు. మంచి గిరాకి ఉన్న రోజు కూడా "ఏం లేదు, ఊకె కూసున్నం" అనడమే మర్యాద.

"పది మంది," అన్నాడు గోపయ్య.

స్పందన తల ఎత్తింది. "పదే?"

"పదే."

ఆ వరుసలో ఆయన పెద్ద. ఆయనకే పదయితే అంతకు మించి చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది? ఒకడు ఎనిమిదన్నాడు, ఒకామె ఏడంది. ఈరమ్మ "ఆరుగురు బిడ్డా, వాన పడితె గదీ లేదు" అంది.

"నా దగ్గరికి నా పెండ్లామొక్కతె వస్తది," అన్నాడు జగన్. "గది గూడ పైసలియ్యదు."

వరుసంతా నవ్వింది. స్పందనా నవ్వింది, ఆ వెంటనే ఆపుకుంది. "జర నిజం చెప్పున్రి. నేను నిల్సున్నకాడికెళ్ళి ఈ ఆకుకూరమ్మ దగ్గర్నే నలభై మందిని లెక్కబెట్టిన. తాతా, నువ్వన్న చెప్పు. మీ మేలుకే అడుగుతున్న."

అందరూ గోపయ్య వైపు చూశారు. ఆ క్షణంలో నిజం చెప్పినా సరిపోయేది. పిల్ల మొహంలో కపటం లేదని ఆయనకూ తెలుస్తూనే ఉంది.

"ఇయ్యాల శుక్రవారం," అన్నాడు. "శుక్రవారం జర ఎక్కువొస్తరు."

ఆమె రాసుకుని, కింద సంతకాలు పెట్టించుకుంది. మూడేళ్ళ బడి చదువులో మిగిలిన మూడక్షరాలు గోపయ్య ఆ కాగితం మీద నెమ్మదిగా రాశాడు.

దసరా దాటాక గోడకు నోటీసు అతికించారు. పద్దెనిమిది మందికీ చిల్కానగర్ అవతల షెడ్లలో జాగా. మంచి షెడ్లే. పైన రేకులు, కింద బండలు, పక్కన నల్లా. కొనేవాళ్ళు తప్ప అన్నీ ఉన్నాయి. రాత్రంతా నిలబడి డ్యూటీ చేసిన ఆడవాళ్ళు కూర కోసం అంత దూరం ఎందుకు వస్తారు? ఈరమ్మ పది రోజులు ఆటోలో వచ్చింది. ఎక్కడానికి ఒకరు పట్టుకోవాలి, దిగడానికి ఒకరు. తెచ్చిన కట్టలు మధ్యాహ్నానికి తలలు వాల్చేసేవి. పదకొండో రోజు రాలేదు. జగన్‌కు బండి ఉంది, గల్లీలు పట్టుకున్నాడు. గోపయ్య షెడ్డులో కూర్చున్నాడు. పక్కన ఖాళీ అయిన ఈరమ్మ బండ మీద ఎవరో చెప్పులు విడిచేవాళ్ళు.

నెల చూశాడు. ఒకరోజు టమాట బుట్ట మీద గోనె కప్పి, బస్సెక్కి, ఉప్పల్‌లో సర్వేవాళ్ళ ఆఫీసు వెతుక్కుంటూ పోయాడు. స్పందన గుర్తుపట్టింది. కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

"నేను జెప్పింది అబద్ధం."

"తెలుసు తాతా."

"ఎనభై మంది వస్తుండె నా తాన. ఈరమ్మ తాన నూటికి తక్కువ లేకుండె."

అన్ని మాటలు ఒక్కసారి చెప్పి గోపయ్యకు ఆయాసం వచ్చింది. ఆమె బీరువా తీసి కాగితం తెచ్చింది. కింద ఆయన మూడక్షరాలు.

"నా లెక్క గూడ ఇచ్చిన. నాది ఒక్కరోజు లెక్క, అది గూడ శుక్రవారం. మా సారు రెండు కాగితాలు పక్కపక్కన బెట్టిండు. 'అమ్మేటోళ్ళే గిరాకి లేదంటుంటె నడుమ నీదేంది' అన్నడు. పద్దెనిమిది సంతకాల ముంగట నా గీతలు ఆగలే."

"మళ్ళ రాయరాదు?"

"ఏడాదికి మళ్ళ జూస్తరు. కానీ తాతా, ఇప్పుడక్కడ అమ్మేటోళ్ళే లేరు. కొనేటోళ్ళను ఏడ లెక్కబెట్టాలె? కొనేటోళ్ళే వచ్చి మాకు గీడ కావాలె అంటె తప్ప..." అని ఆగిపోయింది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయో, కంప్యూటరు వెలుగో, గోపయ్య పోల్చుకోలేకపోయాడు.

పొద్దుగుంకే వేళకు ఈరమ్మ ఇంటికి పోయాడు. ఆమె గడపలో కూర్చుని ఎవరి దుకాణానికో చింతపండులో గింజలు తీస్తోంది. కాళ్ళు బార్లా చాపుకుని ఉంది. గోపయ్య ఎదురుగా కూర్చుని ఆఫీసు సంగతి చెప్పాడు. నాలుగు మాటల్లో అయిపోయింది.

"నువ్వొక్కనివేంది బావా. నేను గూడ ఆరుగురే అన్న గద," అంది ఈరమ్మ.

కాసేపు గింజలు తీసింది.

"నువ్వు పదన్నవని ఆరన్న. నువ్వు నూరంటే నేను నూటేబై అందును. నీకంటె తక్కువ తిన్ననా ఏంది?" నవ్వబోయింది కానీ ఆ నవ్వు నిలవలేదు. "ఏడాదికొక్క మాట ఎల్తది నీ నోట్లకెళ్ళి. గదన్న నిజం గావద్దా బావా?"

 ఆమె చాయ్ పెట్టబోతే గోపయ్య వద్దని చెయ్యి ఊపాడు. ఆమె కూడా బలవంతం చేయలేదు. లేవడం ఆమెకు కష్టం.

"ఆ కంపెనీల తారామణి లేదూ, ఆరో నెల నడుస్తుండె," అంది మళ్ళీ చేతుల వైపే చూస్తూ. "రోజు తోటకూర తినుమన్నదట డాక్టరమ్మ. ఎవలిస్తున్నరో ఏమో."

మర్నాడు గోపయ్య షెడ్డుకు పోలేదు. ఆరింటికి ముందే మిల్లు గోడ దగ్గరికి పోయి నిలబడ్డాడు. బుట్ట లేదు, తక్కెడ లేదు. గోడ కింద ఊడ్చేవాళ్ళు లేక చెత్త పేరుకుని ఉంది. కంపెనీ గేటు తెరుచుకుంది. ఆడవాళ్ళు గుంపుగా వచ్చి, గోడ వైపు చూడకుండా ఆటోల దిక్కు నడుస్తున్నారు. గోపయ్య రెండడుగులు ముందుకేశాడు.  మొదటి ముగ్గురు దాటిపోయారు.

నాలుగో ఆమెకు అడ్డం నిలబడ్డాడు.

"అమ్మా, ఆకుకూర ఇప్పుడు ఏడ కొంటున్నవ్?"

ఆమె ముందు జంకింది. తర్వాత పోల్చుకుంది. "కొంటలేం తాతా. గింత పొద్దుగాల ఏడ దొరుకుతది?"

"గా మాట సర్వే ఆఫీసుల చెప్తవా?"

"యే ఆఫీసు? నిద్రొస్తుంది తాతా, ఆటో పోతది," అంటూ ఆమె పరిగెత్తింది.

గోపయ్య నోరు తడుపుకున్నాడు. వెనక వస్తున్న ఆమె వైపు తిరిగి మళ్ళీ అడిగాడు, "అమ్మా, ఆకుకూర ఇప్పుడు ఏడ కొంటున్నవ్?"