ఈగల ఒక్కపొద్దు

కాలేజీ మళ్ళీ మూసేస్తున్నారని తెలిసిన రోజు తక్కిన పిల్లలంతా పుస్తకాలు మోసుకుని ఇళ్ళకు వెళితే, శ్యాంసుందర్ కూతురు విజయశ్రీ ఈగలను మోసుకొచ్చింది. కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవి అది. సూరత్‌లోని లింబాయత్‌లో షేర్ ఆటో దిగి, అట్టపెట్టెను గుండెలకు హత్తుకుని, గల్లీలో ఎవరికీ తగలకుండా ఒదిగి ఒదిగి నడిచొచ్చింది. లోపల ఏ మిఠాయి ఉందోనని ఆమె నాయనమ్మ కొమురవ్వ ఆశగా మూత తీసింది. దూది బిరడాలు పెట్టిన గాజుబుడ్డీలు. వాటి నిండా ఎర్రకళ్ళ చిన్నచిన్న ఈగలు.

“గివేంది బిడ్డా? మాగిన అరటిపండు మీద ముసిరేటియి గాదూ?”

“అవే బాపమ్మా. వీటికి చదువు చెప్పాలె.”

కొమురవ్వ ముక్కున వేలేసుకుంది. సిద్దిపేట దిక్కు నుంచి మగ్గాల పనికొచ్చిన మొగుడి వెంట సూరత్‌లో దిగి నలభై ఏళ్ళు దాటింది. ఈ ఊళ్ళో మనుషులు బతకడానికి చేసే పనులన్నీ చూశాననుకుంది గానీ, ఈగలకు పంతులమ్మను చూడటం ఆమెకు అదే మొదలు.

విజయశ్రీది ఎమ్మెస్సీ చివరి ఏడు. ప్రయోగశాల మూతపడింది కాబట్టి పుస్తకాలు చూసి ఏదో ఒకటి రాసిచ్చినా పాసు చేస్తామన్నారు. అందరూ హమ్మయ్య అనుకున్నారు, విజయశ్రీ తప్ప. “ఎవరో చేసింది చూసి రాస్తే అది నాదెట్లయితది?” అని మొండికేసింది. ఆ మొండితనం వెనక ఇంకో సంగతి కూడా ఉంది. ఆమెకు పాఠం చెప్పే భాగీరథి మేడమ్ దగ్గర పరిశోధనకు ఒక్కటే చోటు ఉంది. సొంతంగా ప్రయోగం చేసి చూపించిన వాళ్ళకే అది. ఆ చోటు కోసం పిల్ల ఎంత ఆశపడుతోందో కొమురవ్వకు తెలుసు. రాత్రిళ్ళు ఆమె పక్కన పడుకునేది తనే మరి.

కార్ఖానా మూతపడి శ్యాంసుందర్ ఇంట్లోనే ఉన్నాడు. సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు లేక అతనికి పగలు గడిచేది కాదు. కూతురు అడిగీ అడగకముందే ప్లాస్టిక్ గొట్టాలు కోసి, గల్లీ రెండుగా చీలినట్టు అతికించి ఇచ్చాడు. ముందుగా ఈగలకు సోంపు వాసన చూపిస్తూ చక్కెర నాకనిస్తారు. తర్వాత పుదీనా వాసన చూపిస్తారు, చక్కెర ఉండదు. ఈగలకు వాసనల్లో ఒకటి ముందే ఇష్టమేమోనన్న అనుమానం రాకుండా, సగం బుడ్డీలకు ఇదే పాఠం తిరగేసి చెబుతారు. ఆ పైన ఈగలను గొట్టంలో వదిలితే, చీలిక దగ్గర ఒక పక్క నుంచి సోంపు, ఇంకో పక్క నుంచి పుదీనా. పాఠం గుర్తుంటే చక్కెర దొరికిన వాసన వైపు పోతాయి. గుర్తులేకపోతే కాళ్ళు ఎటు పోతే అటు. అంతే పరీక్ష.

“కోటి విద్యలు కూటికొరకే అన్నరు. నీ ఈగలకు గూడ గదే చదువన్నట్టు” అని నవ్వాడు శ్యాంసుందర్.

లెక్కపెట్టేటప్పుడు ఈగలు కదలకూడదని విజయశ్రీ గొట్టాలను కాసేపు ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన పెట్టేది. ఆ రోజు నుంచి తల్లి పద్మారాణి ఆ పెరుగు ముట్టలేదు. ఈగలకు మేత మాత్రం కొమురవ్వే వండేది. బొంబాయి రవ్వ, బెల్లం కలిపి ఉడికించడమే. “గిది శీరా గాదూ? జర నెయ్యి పడితే మనమే తినొచ్చు” అనేది గరిటె తిప్పుతూ.

చిక్కల్లా ఒక చోట వచ్చిపడింది. పాఠానికి ముందు ఒక రోజంతా ఈగలను పస్తుంచాలి. నీళ్ళలో తడిపిన దూది తప్ప ఏమీ పెట్టకూడదు.

“మనింట్ల ఉండి పస్తులా? పాపం తలుగుతదే!”

“ఒక్క దినానికి సచ్చిపోవు బాపమ్మా. నాకు ఆన్‌లైన్ క్లాసుంది, దూది ఆరకుండ జర తడుపుతుండు, అంతే” అని విజయశ్రీ ఫోన్ పట్టుకుని మేడ మెట్లెక్కింది.

చావకపోతే మాత్రం ఆకలి ఆకలి కాకుండా పోతుందా? అంతకు ముందు ఏడు సాంచాలన్నీ ఆగి పనివాళ్ళు రోడ్డున పడ్డప్పుడు గల్లీ మొత్తం కలిసి కిచిడీ వండింది. పెద్ద గుండిగలో గరిటె తిప్పిన చెయ్యి కొమురవ్వదే. అలాంటి చేత్తో ఉత్త నీళ్ళు పొయ్యమంటే ఎలా పోస్తుంది? అటూ ఇటూ చూసింది. గ్లాసులో చిన్న బెల్లంముక్క వేసి కరిగించింది. ఆ నీళ్ళు చుక్క చుక్కగా దూది మీద పోసింది. ఈగలు ఎగబడి నాకుతుంటే ఆమెకు కడుపు నిండినట్టయింది. ఇంతింత పాణాలు, ఒక్క చుక్క తాగితే ఎవరి సొమ్మేం పోయింది అనుకుంది. అప్పటి నుంచి దూది తడిపిన ప్రతిసారీ ఆ పుణ్యం కట్టుకుంటూనే ఉంది.

ఈగలు చదువుకోలేదు. చీలిక దగ్గరికొచ్చి సగం ఇటు, సగం అటు పోయాయి. విజయశ్రీ గొట్టాలు కడిగింది. సోంపు మార్చింది. కిటికీకి దుప్పటి కట్టింది. ఏం చేసినా సగం ఇటు, సగం అటు. ఒకరోజు మధ్యాహ్నం గొట్టాలన్నీ పక్కకు నెట్టేసి మోకాళ్ళ మీద తల పెట్టుకుంది.

“నాతోని కాదు. పుస్తకాలు చూసే రాసిస్తనని మేడమ్‌కు చెప్పేస్త.”

కొమురవ్వ పొయ్యి దగ్గరి నుంచి లేచింది. నెమ్మదిగా దగ్గరికి జరిగింది. “గది గాదు బిడ్డా, కడుపునిండ తిన్నంత మాత్రాన చదువు రాకుంట పోతదా?”

“తింటే ఎట్ల బాపమ్మా? ఆకలుంటేనే కద, చక్కెర దొరికిన జాగ యాది పెట్టుకుని దేవులాడేది. కడుపు నిండినదానికి ఆ వాసనతోని పనేంది?”

కొమురవ్వకు వెంటనే తను సూరత్‌లో మొదట దిగిన ఉధ్నా స్టేషన్ గుర్తొచ్చింది. అప్పుడు తను కొత్తకోడలు. రైల్లో సద్దిమూట ఎవరో కొట్టేశారు. తనూ మొగుడు కనకయ్యా రెండు రోజుల పస్తుతో బండి దిగారు. ముక్కూ మొహం తెలియని గుజరాతీ ఆమె ఒకతె జొన్నరొట్టె మీద ఎర్రకారం వేసి చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఎన్ని పెళ్ళిళ్ళ భోజనాలు తినలేదు! ఒక్కటీ గుర్తులేదు. ఆ కారం మాత్రం ఇప్పటికీ నాలుక మీద ఉంది, ఆమె చేతి పచ్చగాజులతో సహా. ఆకలితో ఉన్నవాళ్ళకు గుర్తుండటమంటే ఏమిటో ఈ గల్లీలో తనకంటే తెలిసినవాళ్ళెవరు? తేలు కుట్టిన దొంగలా ఊరుకోవడం ఇక ఆమె వల్ల కాలేదు.

“నేనే బిడ్డా. ఆ దూదికి బెల్లం నీళ్ళు నేనే పోసిన.”

విజయశ్రీ తలెత్తి చూసింది. “బాపమ్మా!” అంది. ఫోన్ తీసుకుని మేడ మీదికి పోయింది. కొమురవ్వ పొయ్యి దగ్గర కూర్చుని కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పిల్ల నోటి దగ్గరి కూడు తానే తీసేశానని కుమిలిపోయింది.

చాలాసేపటికి విజయశ్రీ దిగొచ్చింది. ఫోన్ ఆమె ముందు పెట్టింది. తెరలో భాగీరథి మేడమ్ నవ్వుతోంది.

“మామ్మగారూ, మీరేం పాడు చెయ్యలేదండీ. కడుపు నిండిన ఈగలు ఎలా ఉంటాయో చూపించారు. ఇప్పుడు సగం వాటికి తిండి పెట్టి, సగం వాటిని పస్తుంచి రెండూ పక్కపక్కన చూడాలి. ఒక్క షరతు. ఏ బుడ్డీకి పెట్టారో విజయకు తెలియకూడదు. తెలిస్తే తనకు కావలసినట్టు లెక్క తేలాలని కన్ను మోసం చేస్తుంది. పెట్టేది మీరు, లెక్కపెట్టేది తను. వచ్చే వారమే అందరి ముందూ చెప్పాలి కాబట్టి, ఈ ఒక్క అవకాశమే చేతిలో ఉంది.”

“గట్లయితే నాదీ ఒక షరతున్నదమ్మా. పస్తు శనారం ఉంచుండ్రి. ఆ దినం నాకు ఒక్కపొద్దు. దీపం పెట్టినంకనే నేను ముద్ద ముడ్త. నాతోపాటు అవి గూడ ఉంటే పుణ్యానికి పుణ్యం. నేను తిని వాటిని ఎండబెట్టుడు నాతోని కాదు.”

మేడమ్ సరేనంది. ఇంట్లో మాత్రం ఒకటే నవ్వు. కొమురవ్వ నోట్లో నువ్వుగింజ నానదు. పక్కింటి పెళ్ళిచూపుల సంగతి పెళ్ళికొడుకు కంటే ముందు ఆమెకు తెలుస్తుంది, ఆమెకు తెలిస్తే గల్లీకి తెలిసినట్టే. అలాంటి మనిషి చేతిలో పెట్టారు మనవరాలి చదువంతా.

శుక్రవారం పొద్దుగూకాక కొమురవ్వ తలుపేసుకుంది. కొన్ని బుడ్డీలకు ఎర్రదారం, కొన్నిటికి పసుపుదారం కట్టింది. నీళ్ళ రంగు కనబడకుండా అన్నిటి అడుగునా చీరపేలికలు చుట్టింది. ఏ రంగుకు ఏం పెట్టిందో కొడుకు ఫోన్లో గుసగుసగా రికార్డు చేసి మేడమ్‌కు పంపింది. తెల్లారి ఇంట్లోవాళ్ళు లేచేసరికి మాస్కు కట్టుకుని కూర్చుని ఉంది.

“ఇంట్ల మాస్కెందుకమ్మా?” అన్నాడు శ్యాంసుందర్ కంగారుగా.

“రోగానికి గాదురా. నోటికి.”

విజయశ్రీ ఊరుకోలేదు. “ఎర్రదే కద బాపమ్మా? పక్కా ఎర్రదే. నీ మొఖం జూస్తే తెలుస్తున్నది” అని ఒకసారి, “పోనీ ఎర్రది కాదను” అని ఇంకోసారి వెంటపడింది. కొమురవ్వ గోడ వైపు తిరిగి కూర్చుంది. చెప్పేస్తే పిల్ల మొహం ఎంత వెలిగిపోతుందో తెలుసు. చెప్పేస్తే ఆ చోటు పోతుందనీ తెలుసు. ఆకలి కంటే ఆ మాట ఆపుకోవడమే ఆమెకు ఆ రోజు ఎక్కువ కష్టమైంది.

పస్తు పెట్టి రోజు తిరిగేసరికి, పొద్దుగూకే వేళ పాఠాలు, పరీక్షలు మొదలై చీకటిపడేదాకా సాగాయి. ఎరుపు బుడ్డీల ఈగలు కొన్ని దిక్కులు చూస్తూ తిరిగాయి, ఎక్కువ భాగం మాత్రం చక్కెర దొరికిన వాసన వైపే దారి పట్టాయి. పసుపువి పాత పాటే, సగం ఇటు, సగం అటు. విజయశ్రీ మేడమ్‌కు ఫోన్ చేసి లెక్క అప్పజెప్పింది. అప్పుడు మేడమ్ కొమురవ్వ పంపిన మాట వినిపించింది. గుసగుసగా, ఆయాసంగా ఇల్లంతా వినబడింది: “అమ్మా, ఎర్రదారమోళ్ళు ఒక్కపొద్దు. పసుపుదారమోళ్ళకు బెల్లం నీళ్ళు పోసిన. ఎవ్వలికీ చెప్పకు.”

“సరిగ్గా సరిపోయింది విజయా” అంది మేడమ్. “నా దగ్గరి చోటు నీదే.”

విజయశ్రీ కేక పెట్టింది. నాయనమ్మను పట్టుకుని మళ్ళీ కేక పెట్టింది. ఆ కేక గల్లీ ఆ చివరిదాకా వినబడింది.

ఆ నెలలో ఆ గల్లీలో ఇంట్లోంచి కేక వచ్చిందంటే జనానికి ఒకటే అర్థం. టకటకా తలుపులు తెరుచుకున్నాయి. చెప్పులు కూడా వేసుకోకుండా మనుషులు పరుగెత్తుకొచ్చారు. శ్యాంసుందర్‌తో పనిచేసే ఒడియా కుర్రాళ్ళు వచ్చారు. ఎదురింటి గుజరాతీ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అప్పుడే కళ్ళనీళ్ళతో, “శుం థయుం, మాసీ? ఏమైంది?” అంటూ గడప దగ్గర ఆగిపోయింది. లోపలికి రావడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. అందరి కళ్ళూ ఇంట్లో ఎవరు లేరా అని వెతుకుతున్నాయి.

కొమురవ్వ గడప మీదికొచ్చింది. ఒక్కొక్కరి మొహం చూసేసరికి వాళ్ళు దేనికి భయపడి వచ్చారో అర్థమైంది. మాస్కు కిందికి లాగింది.

“ఎవ్వలికేం గాలే! అందరం మంచిగున్నం! మా పిల్ల ఈగలు పాసైనయి!”

ఎదురింటామె గోడకు చేరగిలబడి, ఏడుస్తూనే నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు పక్కనున్న కుర్రాళ్ళకు అంటుకుంది. వాళ్ళ నుంచి మేడల మీది వాళ్ళకు పాకింది. ఈగలేమిటి, పాసవడమేమిటి అని అడగడానికి కూడా ఎవరికీ తీరిక లేదు. కేక విని పరుగెత్తుకొచ్చిన వాళ్ళు ఆ నెలలో నవ్వుకుంటూ ఇళ్ళకు వెళ్ళింది ఆ ఒక్క సాయంత్రమే.