కండక్టరుగారి లంగరు

నేను ఒక లంగరును. బరువు పన్నెండు కిలోలు. నన్ను చూసినవాళ్లు ముందు ఒకసారి ఎత్తి చూస్తారు, తరువాత పెదవి విరుస్తారు. పడవను ఆపేది బరువేనని మనుషులకు గట్టి నమ్మకం. నాకున్న రెండు వెడల్పాటి రెక్కల వైపు ఎవరూ చూడరు. అవి సరిగ్గా బురదలోకి దిగాయంటే నాకంటే ఎన్నో రెట్లు పెద్ద పడవ కూడా కిక్కురుమనకుండా నిలబడుతుంది. కానీ నా గొప్ప నేను చెప్పుకోవడానికి నోరు లేదాయె. ఇంతకాలం నా గురించి ఎవరికి తోచింది వాళ్లు అన్నారు, నేను పడ్డాను.

లంగరును కాకముందు నేను ఒక లారీ కింద కమాను పట్టీని. లారీ ముసలిదైపోయాక కాకినాడ పాత ఇనుము కొట్లో పడ్డాను. ఆ కొట్టు ఖాదర్ సాయిబుది. ఆయన నన్ను కొలిమిలో కాల్చి, సాగగొట్టి, మందపాటి రేకుతో రెక్కలు అతికి లంగరును చేశాడు. నా పక్కన నాలుగు కొక్కేల లంగరు ఒకటి ఉండేది. రాళ్లున్న చోట అది మొనగాడు. బురదలో మాత్రం దాని పని పెరుగులో ఫోర్కు తిప్పినట్టే. అయినా చూడ్డానికి భీకరంగా ఉంటుంది కాబట్టి వచ్చినవాళ్లంతా దాన్నే అడిగేవారు.

ఒకరోజు గుత్తుల వరహాలరావుగారు కొట్టుకు వచ్చారు. ముప్పైయొక్క ఏళ్లు కదిలే బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టిన కండక్టరు ఆయన. పదవీ విరమణ చేశాక ఆయనకు ఒకటే కోరిక మిగిలింది. గోదావరి మధ్యలో, కదలని చోట, కాళ్లు చాపుకుని కూర్చోవాలి. అందుకోసం ఒక చిన్న ఇంజను పడవ కొని, దానికి స్వయంగా ఆకుపచ్చ రంగు వేసుకున్నారు. తోడుగా బావమరిది భీమేశ్వరరావును తెచ్చుకున్నారు. భీమేశ్వరరావు ఏ విషయం మీదయినా సలహా ఇవ్వగలడు. తెలిసిన విషయమే అయి ఉండాలన్న పట్టింపు ఆయనకు లేదు.

"మీ రేవు దగ్గర అడుగునేముందండీ?" అని సాయిబు అడిగాడు.

"నీళ్లేనండి" అన్నారు వరహాలరావుగారు.

"నీళ్ల కిందండీ?"

దానికి ఆయన బావమరిది వైపు చూశారు. "బురదే బావా. గేదె దిగితే మోకాళ్లదాకా పోద్ది" అన్నాడు భీమేశ్వరరావు. ఆ మనిషి నోట వచ్చిన పనికొచ్చే మాట నాకు తెలిసి అదొక్కటే.

సాయిబు నన్ను తీసి ముందు పెట్టాడు. నా మెడకు రెండు బారల గొలుసు తగిలించాడు. దాని చివర ఇరవై అయిదు బారల నీలం నైలాను తాడు ముడి వేశాడు. "మూడు బారల లోతుంటే ఇరవై బారల తాడు వదలాలండి. లంగరు అడుగున పడుకోవాలి. లేచి కూర్చుంటే పట్టదు" అని నెమ్మదిగా చెప్పాడు. వరహాలరావుగారు తలూపారు. అప్పటికే ఆయన మనసు ఆకుపచ్చ పడవలో కూర్చుని ఉంది.

ఇంట్లో నాకు మంచి మర్యాదే జరిగింది. ఆయన భార్య నూకరత్నంగారు పసుపు రాసి, బొట్టు పెట్టి, నా ఎదుట కొబ్బరికాయ కొట్టారు. పడవంటే ఆమెకు భయం. భయమున్నా పూజ తగ్గించలేదు. ఆ తరువాత నన్ను వసారాలో పెట్టారు, తాడు చుట్ట నా పక్కన పెట్టారు. ఆ తాడు చూసి ఆమె కళ్లు మెరిశాయి. మరునాడు కత్తిపీటతో వచ్చి కొంత కోసి పెరట్లో బట్టలారేసుకునే దండెం కట్టుకున్నారు. రెండు రోజులకు ఇంకొంత కోసి గేదెకు పలుపు చేశారు. తరువాత ఇంకో ముక్క పందిరికి. అంత తాడు మధ్యలో ఇంత పోతే ఏమవుతుందని ఆమె లెక్క. మిగిలింది ఎనిమిది బారలు. చుట్ట మాత్రం చుట్టలాగే ఉంది కాబట్టి వరహాలరావుగారికి అనుమానం రాలేదు. నేను అన్నీ చూస్తూ కూర్చున్నాను.

మొదటి ఆదివారం బావా బావమరుదులు నది మధ్యకు వెళ్లారు. వరహాలరావుగారు పడవ ముందు నిలబడి, అలవాటు కొద్దీ "హోల్డాన్" అని నన్ను గిరగిర తిప్పి విసిరారు. లంగరును విసరకూడదు, దించాలి. గొలుసు నా మెడకే చుట్టుకుని తలకిందులుగా పడ్డాను. అయినా సర్దుకునేదాన్నే. కానీ తాడు పొట్టి, నా ముక్కు పట్టుకుని పైకి లాగుతోంది. రెక్కలు దిగవు, బురద గీరుకుంటూ పోవడమే. సముద్రం అక్కడికి దగ్గర. నీరు అటువైపు తీసే వేళ కావడంతో పడవ, మేం ముగ్గురం సముద్రం దారి పట్టాం. చేపల వలలవాళ్లు తాడేసి లాక్కొచ్చారు. ఆ సాయంత్రం రేవులో అందరూ నన్నే చూశారు.

"బరువు చాల్లేదు బావా" అని భీమేశ్వరరావు తేల్చాడు. మిక్సీ వచ్చాక ఇంట్లో ఖాళీగా పడి ఉన్న రుబ్బురోలును తెచ్చి, రెండో ఆదివారం నాకు జత కట్టాడు. పాపం, అది ఎంత బరువైనా దానికి పట్టు ఎక్కడిది? ఇద్దరం కలిసి ఊడ్చుకుంటూ పోయాం. మధ్యలో కట్టు ఊడి రోలు అడుగునే ఉండిపోయింది. చెప్పాలంటే ఆ రోజు నది మధ్యలో కదలకుండా నిలిచింది అదొక్కటే.

రోలు సంగతి తెలిశాక నూకరత్నంగారు ఊరుకోలేదు. "ఇయ్యాల రోలు ముంచారు, రేపు మనిషిని ముంచుతారు. వచ్చే ఆదివారం నేనూ వత్తానండి. పడవ నిలబడిందా సరే. లేపోతే ఆ రోజే అమ్మేద్దాం" అన్నారు. వరహాలరావుగారు ఒప్పుకున్నారు. ఆ వారమంతా ఆయన పడవ దగ్గరకు రోజూ వచ్చి కూర్చునేవారు. ఒడ్డున కట్టేసిన పడవలోనే కూర్చుని, నది మధ్యకు చూసేవారు. నాకు ఆయన మీద జాలి వేసింది, నా మీద కోపం వచ్చింది.

మూడో ఆదివారం మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరే వచ్చారు. నన్ను వేశారు. మళ్లీ అదే కథ. నూకరత్నంగారు రెండు చేతులా పడవ అంచు పట్టుకుని, పొట్టిగా బిగుసుకుని నీళ్లలోకి దిగిన నీలం తాడును కన్నార్పకుండా చూశారట. నేను గీరుకుంటూ పోతున్నాను. ఒడ్డున కొబ్బరి చెట్లు ఒక్కొక్కటే వెనక్కి జరుగుతున్నాయట.

వరహాలరావుగారు నన్ను పైకి లాగి పడవలో పడేశారు. బురద తుడుచుకోలేదు. "సరేలే రత్నం. రేపు పడవ అడిగిన ఆ రాజోలాయనకి కబురు పెడతాను, తీసుకుపోతాడు" అన్నారు. గొంతులో కోపం కూడా లేదు.

ఆమె కోరుకున్నది అదే. నోరు మూసుకుని ఉంటే చాలు, పడవ పీడ విరగడవుతుంది. నింద ఎటూ నా మీద ఉండనే ఉంది. ఆమె నా వైపు చూశారు.

"ఏవండీ, తాడు నేనే కోసేనండి" అన్నారు ఆమె.

ఆయనకు అర్థం కాలేదు.

"గేదెకి పొట్టి పలుపేత్తే, అది తలెత్తినప్పుడల్లా గుంజ పైకొచ్చేత్తది. పొడుగ్గా వదిల్తే గుంజ మీద బరువు అడ్డంగా పడద్ది, ఊడదు. ఇదీ అంతే. దాని తప్పేం లేదు. నేనే, దండేనికీ పలుపుకీ..."

వరహాలరావుగారు తాడు కొస చేతిలోకి తీసుకుని చూశారు. తరువాత నవ్వారు. "సాయిబు చెప్పేడు రత్నం, నేను తలూపేను గానీ ఒక్క ముక్కా వినలేదు" అన్నారు.

ఆ సాయంత్రమే దండెం ఊడింది. గేదె పాత కొబ్బరి పలుపులోకి పోయి, రాత్రంతా అలిగిందని విన్నాను. ముక్కలన్నీ ముడి వేసింది నూకరత్నంగారే. ఆమె వేసిన ముడి విప్పడం గేదెల వల్లే కాలేదు, గోదావరి వల్ల ఏమవుతుంది?

తరువాతి ఆదివారం నన్ను విసరలేదు. ఆమె ఒక్కో బారే వదులుతూ దించారు. ఆయన ఇంజనుతో పడవను మెల్లగా వెనక్కి నడిపారు. గొలుసు నేల మీద పరుచుకుంది. నేను పడుకున్నాను. రెక్కలు దిగాయి, ఇంకా దిగాయి. పుట్టినప్పటి నుంచి నేను ఎదురుచూసిన పని అది, ఇన్నాళ్లకు చేశాను. పైన ఇంజను ఆగింది. ఒడ్డున చెట్లు ఎక్కడివక్కడే ఉన్నాయని ఆయన రెండుసార్లు అన్నారట. మూడోసారి అనబోతూ కాళ్లు చాపుకుని నిద్రపోయారు.

మధ్యాహ్నం తిరిగాక సముద్రపు పోటుకు నీరు తిరిగింది. ఇటు లాగుతున్న నది అటు లాగడం మొదలుపెట్టింది. పడవ నా చుట్టూ తిరిగింది, నన్నూ తిప్పింది. ఒక రెక్క బురదలోంచి ఊడి పైకి వచ్చింది. గజం దూరం జారాను. ఆ గజంలో నాకు ధైర్యం లేదని ఒప్పుకుంటున్నాను. అప్పుడు పైనుంచి తాడు మీద ఒక చెయ్యి పడింది. గీరుకుపోతుంటే తాడు వణుకుతుంది, పట్టు దొరికితే నిశ్చలంగా బిగుస్తుంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. బహుశా గేదె నేర్పి ఉంటుంది. తాడు వణికింది. ఆమె చెయ్యి తీయలేదు. నేను మళ్లీ బురద వెతుక్కున్నాను. రెండో రెక్క దిగింది, తరువాత మొదటిది. వణుకు ఆగింది.

ఆ చెయ్యి ఇంకా కొంతసేపు తాడు మీదే ఉంది. ఆమె ఆయన్ని లేపలేదు.