జానెడు దూరంలో అతుకు

పాత దస్తావేజుల భవనంలో మూడో అంతస్తు చివరి గది ఆమెది. ముప్పై నాలుగేళ్లుగా అక్కడే కూర్చుని, పురుగు తిన్న కాగితాలనూ చెమ్మకు చివికిన కాగితాలనూ బాగుచేస్తున్నది. ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప మరెవరికీ గుర్తు లేదు. అందరికీ ఆమె అతుకులమ్మ. ఎదుట పిలిచినా పలికేది, చాటున అనుకున్నా నవ్వుకునేది. ఉదయం కట్ట విప్పేముందు కళ్లు మూసుకుని, "ఇన్ని వందల ఏళ్లు బతికి వచ్చింది, నా చేతిలో చావనివ్వకు తండ్రీ" అని వేడుకునేది. అంతకు మించి ఆమె భగవంతుణ్ణి ఏదీ అడిగి ఎరుగదు.

సాయంత్రం ఆరు కొట్టగానే మాత్రం ఎంతటి పని చేతిలో ఉన్నా కుంచె కడిగి బోర్లించేది. ఏడింటికి టీవీలో రాణి కథ వస్తుంది.

మూడు వందల ఏళ్ల కిందట శత్రువులు ముట్టడించిన కోటను పదకొండు నెలలు నిలబెట్టిన రాణి ఆమె. ఆ రాణి స్వయంగా రాసిన తొమ్మిది ఉత్తరాలు ఈ భవనంలోనే ఉన్నాయి. తొమ్మిదింటినీ బాగుచేసింది అతుకులమ్మే. రాణికి అప్పటికి అరవై దాటాయనీ, మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కలేకపోయేదనీ, ప్రతి ఉత్తరంలోనూ ఉప్పు లేదని వాపోయేదనీ ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. టీవీలో రాణికి పాతికేళ్లు. కోటగోడ మీది నుంచి గుర్రం మీదికి దూకుతుంది. దూకినా కొప్పు చెదరదు.

ప్రసిద్ధమైన కథలో కల్పన కలిపి చెప్పడాన్ని కావ్యలక్షణాలు చెప్పిన మన లాక్షణికులు మిశ్రమన్నారు, పాపమనలేదు. అతుకులమ్మకు లక్షణ గ్రంథాలతో పరిచయం లేదు. కోడలితో పరిచయం ఉంది.

అత్తాకోడళ్లు కనిపెట్టిన ఆట ఇది. టీవీ ముందు ఇత్తడి గిన్నె, ఒడిలో చెరొక గుప్పెడు చొక్కా బొత్తాలు. తెర మీద తప్పు కనబడగానే ఎవరు ముందు పట్టుకుంటే వారు గిన్నెలో బొత్తం వేయాలి. తక్కువ వేసినవారు అంట్లు తోమాలి. పట్టిన తప్పునల్లా కోడలు ఒక నోటుపుస్తకంలో వరుస సంఖ్య వేసి రాసేది. "పదిహేడు: రాణి కిటికీకి గాజు పలకలు. పట్టినది అత్తయ్య." "పద్దెనిమిది: సైనికుడి చెప్పుకు రబ్బరు అడుగు. పట్టినది నేనే, నేనే!" కొడుకు ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు ముగించుకుని వచ్చేసరికి ఇల్లంతా నవ్వులుండేవి; అంట్లు మాత్రం ఒక్కోసారి అలాగే ఉండేవి.

ఆ కోడలి తండ్రి చరిత్ర ప్రొఫెసరు. దస్తావేజుల భవనం మీద పెత్తనం చేసే పరిషత్తుకు అధ్యక్షుడు. రాణి మీద ఆయన రాసిన పుస్తకం ఏడు ముద్రణలు పొందింది. ఒకనాడు కూతురిని చూడవచ్చిన ఆ వియ్యంకుడికి టీవీ మీద నోటుపుస్తకం కనబడింది. నిలుచునే పేజీలు తిప్పాడు. మొహం వెలిగిపోయింది.

"చెల్లెమ్మా, ఇంతటి నిధి దాచుకున్నారా!"

"నిధి కాదు అన్నయ్యగారూ, అంట్లు ఎవరు తోమాలో తేల్చే పుస్తకం."

ఆయన గట్టిగా నవ్వి, పుస్తకాన్ని చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

సోమవారం నాడు ఆయన మూడో అంతస్తు ఎక్కి వచ్చాడు. అతుకులమ్మ బల్ల మీద ఆ రాణి కోట ద్వారపాలకుడు రాసుకున్న దినచర్య కట్ట ఉంది. నూటఅరవై ఆకులు ఒకదానికొకటి అంటుకుపోయి ఇటుకలా ఉండేది. ఆవిరి పట్టి, ఎముక బద్దతో ఒక్కొక్కటే విడదీస్తూ రెండేళ్లలో నూరు ఆకులు బయటికి తీసింది. తక్కిన అరవైలో ఏముందో లోకంలో ఎవరికీ తెలియదు. ఆ నెలాఖరుకు ఆమె పదవీకాలం ముగుస్తుంది. ఆ అరవై ఆకుల కోసమే ఒక్క ఏడాది పొడిగింపు అడుక్కున్నది.

ప్రొఫెసరు టైపు చేసిన కాగితాలు ఆమె ముందు పెట్టాడు.

"నలభై రెండు తప్పులు. ఒక్కొక్కదానికీ ఆధారం చూపించాను. ఈ ధారావాహిక ఆపేయాలని పరిషత్తు తరఫున టీవీ వాళ్లకు రాస్తున్నాం. ఆ ఉత్తరాలు చేత్తో పట్టుకున్న మనిషి మీరు. అడుగున మీ సంతకం ఉంటే ఇక తిరుగుండదు."

"ఆపేయమనా?"

"మరి? పాతికేళ్ల రాణి! గోడ దూకే గుర్రం! పిల్లలు అదే నిజమనుకుంటారు."

"ఆపేస్తే ఏడింటికి నేనేం చెయ్యను అన్నయ్యగారూ?"

అది హాస్యమనుకుని ఆయన చిరునవ్వు నవ్వాడు. తలుపు దాకా వెళ్లి ఆగాడు. "గురువారం సమావేశంలో రెండు విషయాలున్నాయి. ఈ లేఖ ఒకటి, మీ పొడిగింపు ఒకటి. నేను విడమరిచి చెప్పక్కర్లేదు కదా?"

ఆ సాయంత్రం గిన్నెలో ఒక్క బొత్తమూ పడలేదు. అత్త ఊరకే తెర వైపు చూస్తున్నది. కోడలు అత్త వైపు చూస్తున్నది.

"సంతకం పెట్టేయండి అత్తయ్యా. ఆట పోతే పోనీండి. ఆ కట్ట మీకు ప్రాణం."

"మీ నాన్నకు వకాల్తా పుచ్చుకున్నావా ఏమిటే?"

"నాన్న సంగతి నాకు తెలీదా? చిన్నప్పుడు కథ చెప్పమంటే, ఫలానా ఏడు, ఫలానా పేజీ అని మొదలుపెట్టేవారు. రాజు గుర్రమెక్కేలోపే నేను నిద్రపోయేదాన్ని. ఈ ఇంటికొచ్చాకే నాకు కథ అనేది దొరికింది. అయినా చెప్తున్నాను, పెట్టేయండి."

"నాలుగో ఉత్తరం నీకు చెప్పానా?"

"ఎన్నిసార్లో! చిల్లు ఉన్నదే కదా?"

అవును, చిల్లు ఉన్నదే. "పొద్దు గుంకకముందే వంటశాల వెనుక తలుపు తెరిపించి, పసిపిల్లల తల్లులను బయటికి పంపినది" అన్న మాట తరువాత బొటనవేలంత చిల్లు. అడవి గుండా ప్రాణాలతో బయటపడ్డ ఆ తల్లులను పంపినదెవరో పురుగుకే తెలుసు. పంతొమ్మిదేళ్ల కిందట ఆ చిల్లుకు అతుకు వేసిన నాడు అతుకులమ్మ అన్నం తినలేదు. టీవీ వాళ్లు ఆ చిల్లు మీద ఒక సాయంత్రమంతా నడిపారు. రాణి స్వయంగా గడియ తీసి, ఒక్కొక్క పసివాడి తలా నిమిరి పంపింది. అది అబద్ధమో నిజమో చెప్పడానికి ఆధారం లేదని ఆమెకు తెలుసు. తెలిసే, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆనాడు కూడా గిన్నెలో బొత్తం పడలేదు.

"పంతొమ్మిదేళ్లు ఆ చిల్లును చూశానే. ఎవరో ఒకరు అందులోంచి నాకొక మనిషిని చూపించారు. ఆ చేతులు నరకమని నేను సంతకం పెట్టనా?" అన్నదామె.

గురువారం సమావేశంలో పొడవాటి బల్ల చుట్టూ పన్నెండు మంది కూర్చున్నారు. అతుకులమ్మను పిలిచి కలం చేతికిచ్చారు. ఆమె కలాన్ని మూత పెట్టి బల్ల మీద ఉంచింది.

"తప్పులన్నీ నిజమేనండి. సగం నేను పట్టినవే. నేను తెలియక చూడటం లేదు, తెలిసి చూస్తున్నాను. ఇవాళ సాయంత్రం కూడా చూస్తాను. సంతకం పెట్టను."

"భావోద్వేగం వేరు, చరిత్ర వేరు చెల్లెమ్మా" అన్నాడు ప్రొఫెసరు ఓపికగా, పిల్లలకు చెప్పినట్టు.

"నాకు చదువు తక్కువ అన్నయ్యగారూ, నా పని సంగతి చెప్తాను. చిల్లుకు అతుకు వేసేటప్పుడు ఒక ఛాయ తక్కువ రంగు కాగితం వేస్తాం. మూరెడు దూరం నుంచి చూస్తే కనపడకూడదు, జానెడు దూరం నుంచి చూస్తే కనపడి తీరాలి. పోయిన అక్షరాలను మాత్రం మనం రాయకూడదు. రాస్తే ఏది పాతదో ఏది మనదో రేపటివాడికి తెలియదు. నాకు పని నేర్పినాయన మొదటిరోజే చెప్పిన మాట ఇది."

"మేం చెప్పేదీ అదే కదా! వాళ్లు ఇష్టం వచ్చినట్టు నింపేస్తున్నారు."

"వాళ్లు రోజూ మొదట్లో తెర మీద వేస్తారు, ఇందులో కల్పన ఉందని. పెద్ద అక్షరాలతో వేస్తారు. అంటే ఛాయ మార్చినట్టే కదండీ?" ఆమె సంచిలోంచి రెండు వస్తువులు తీసింది. ఒకటి నాలుగో ఉత్తరానికి అసలు కొలతలో తీసిన ఫోటో. రెండోది ప్రొఫెసరు పుస్తకం. నూటపన్నెండో పేజీ తెరిచి ఫోటో పక్కన పెట్టింది. "ఇదిగో ఉత్తరం. ఇక్కడ చిల్లు. ఇదిగో మీ పుస్తకంలో అదే ఉత్తరం. 'బయటికి పంపినది సేనాపతి' అని ఉంది. చిల్లు ఏదండీ?"

పన్నెండు తలలూ ముందుకు వంగాయి. ఎవరో దగ్గారు.

"సందర్భాన్ని బట్టి..." ప్రొఫెసరు నీళ్లు నమిలాడు. "ఆ కాలంలో ద్వారాల మీద అధికారం సేనాపతిదే. అది పండితులు చేసే ఊహ."

"ఊహ అని ఎక్కడ రాశారు? కింద గీత లేదు, పక్కన చుక్క లేదు. ఏడు ముద్రణలు. ఆ టీవీ అతుకు జానెడు దూరంలో కనపడుతోంది. మీ అతుకు భూతద్దం పెట్టినా కనపడదు."

ఆ మాటకు ఆయన మొహం కందగడ్డలా అయింది. ఆమె పుస్తకం మూసి, అట్టను చెంగుతో తుడిచింది.

"మీ పుస్తకం ఆపేయమని నేను అడగను. నాలుగుసార్లు చదివాను. చాలా బాగుంటుంది. సేనాపతి వచ్చినప్పుడల్లా మనసులో ఒక బొత్తం వేసుకుంటాను, అంతే."

లేఖ పదకొండు సంతకాలతో వెళ్లింది. పన్నెండో సభ్యురాలు, భవనపు గ్రంథపాలకురాలు, తన కలంలో సిరా అయిపోయిందన్నది. పక్కవారు ఇచ్చిన కలంలోనూ అయిపోయిందన్నది. అతుకులమ్మ పొడిగింపు మీద శనివారం ఉత్తర్వు వచ్చింది. అవసరం లేదు, అన్న రెండే మాటలు.

ఎనిమిది పనిదినాలు మిగిలాయి. ఆమె తక్కిన పనులన్నీ పక్కన పెట్టి, రోజూ పొద్దు పొడవగానే వచ్చి ఆ కట్ట ముందు కూర్చున్నది. రోజుకు రెండు ఆకుల చొప్పున పదహారు విడదీసింది. తక్కిన నలభై నాలుగింటికి సరిపడా అతుకు కాగితాలకు ఒక ఛాయ తక్కువగా రంగు వేసి, ఆరబెట్టి, కోసి, పెట్టెలో వరుసగా పేర్చింది. ఏ ఆకుకు ఎంత ఆవిరి పట్టాలో, ఎక్కడ చెయ్యి తేలిక చేయాలో రాసిన చీటీని పైన ఉంచింది. చీటీ చివర ఇలా ఉంది: "పోయిన అక్షరాలు రాయవద్దు. ఇంటికి వెళ్లి ఊహించుకోండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు." ఆరు కొట్టగానే కుంచె కడిగి బోర్లించింది. కళ్లు మూసుకుని, "నలభై నాలుగు నీకు వదిలేశాను తండ్రీ" అన్నది. మెట్లు దిగింది.

ఇంట్లో కోడలు ఎదురుచూస్తున్నది. చేతిలో పాత నోటుపుస్తకం.

"పుట్టింటికి వెళ్లి తెచ్చేశాను. నాన్నా, అది నా పుస్తకం, ఇచ్చెయ్యండి అన్నాను. ఇచ్చేశారు. తల ఎత్తలేదు. కానీ అత్తయ్యా, ఇది చూడండి."

నలభై రెండో తప్పు కింద ఎర్రసిరాతో మరో మూడు ఉన్నాయి. ప్రొఫెసరు దస్తూరీ. మూడూ పోయిన వారం కథలోవి. లేఖ వెళ్లిపోయిన తరువాతివి.

"చూస్తున్నారు!" అన్నది కోడలు.

"సాక్ష్యం కోసం చూశానంటారులే."

"సాక్ష్యానికా? నలభై నాలుగో దాని పక్కన చదవండి."

సన్నని అక్షరాలతో రాసి ఉంది: "కళ్లెం ఆ కాలపుది కాదు. గుర్రం మాత్రం బాగుంది."

అతుకులమ్మ చాలాసేపు నవ్వింది. నవ్వుతూనే కళ్లు ఒత్తుకున్నది. మూడు బొత్తాలు ఏరి, వియ్యంకుడి పేర విడిగా ఒక గాజు సీసాలో వేసింది. రేపు ఉదయం తాను వెళ్లవలసిన గది లేదన్న సంగతి అప్పుడు మళ్లీ గుర్తుకు వచ్చింది. గుర్తుకు వచ్చినా లేచి టీవీ పెట్టింది.

కోటలో చీకటి. పాతికేళ్ల రాణి, చెదరని కొప్పుతో, వంటశాల మెట్లు దిగింది. గూట్లో దీపం ఉంది. రాణి చెంగు చాటు నుంచి ఏదో తీసి, గోడకు గీసి, భగ్గున వెలిగించింది.

"అగ్గిపుల్ల!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు. రెండు బొత్తాలు ఒక్కసారే గిన్నెలో ఠంగుమన్నాయి.

"సమానం! అంట్లెవరు తోమాలి ఇప్పుడు?"

"ఉండవే, ఆ దీపం వెలుగులో ఆమె మొహం చూడనీ" అన్నది అత్త. "టీవీ గొంతు పెంచు. పక్కింటికి వినబడితే వినబడనీ."