నానా గారి అరటికాయ

పక్షవాతం వచ్చి కోలుకున్న ఊరి నాయకుడు నానా అదుబోఫో నోట మిగిలింది ఒక్క మాటే: "అరటికాయ." ఎదుటివాళ్ళు చెప్పేది అక్షరం పొల్లుపోకుండా అర్థమవుతుంది. తాను ఏం చెప్పబోయినా అరటికాయే ఊడిపడుతుంది.

ఊళ్ళో ఒక్కడు కనిపెడితే ఒట్టు! ఘానా దేశంలో అశాంతి తెగవాళ్ళ గడ్డమీద నాయకుడు సభతో నేరుగా మాట్లాడడాయె. ఆయన గొణుగుతాడు, బంగారు పిడి కర్ర పట్టుకున్న ఒపారె ఆ మాటని జనానికి వినిపిస్తాడు.

సెర్వా అనే వితంతువు కోకో తోటని ఒపారె బావమరిది కాజేశాడు. తగవు సభకొచ్చింది. నానా మండిపడుతూ, "అరటికాయ!" అన్నాడు.

ఒపారె గొంతు సవరించుకున్నాడు. "తోట మా బావమరిదిదేనని నానా తీర్పు."

"జబ్బు చేశాక నానా బుర్ర భలే పదునెక్కిందిరా!" అన్నారు పెద్దలు.

కుమాసీ ఆసుపత్రి నుంచి మాట నేర్పే అమ్మాయి వారం వారం వచ్చింది. "పాటలా సాగదీసి అనండి, తాతా," అంటూ ఎనిమిది నెలలు పెరట్లో పాడించింది. చివరికి నానా నిండు సభలో లేచి, చెమటలు కక్కుతూ, తానే గట్టిగా అన్నాడు.

"తోట... సెర్వాది. ఒపారె... దొంగ."

అందరూ ఒపారె వైపు తిరిగారు.

"ఏమోయ్ ఒపారె, నానా ఏమంటున్నారు?"

"మీరంతా చల్లగా ఉండాలంటున్నారు."

చప్పట్లు మారుమోగాయి. నానా కూలబడి, ఆ పెద్దలందరినీ ఒక్కొక్కరుగా తేరిపార చూశాడు.

"అరటికాయలు," అన్నాడు. ఈసారి నోరు తడబడలేదు.