గుంజకు కట్టిన దగ్గు

రాయమల్లు టీబీ గోలీలు మింగడం మానేశాడు. ఖాళీ అట్టలు మాత్రం వేళకు దవాఖానకు తెచ్చి చూపించేవాడు. డాక్టర్ అనూహ్య వాటిని చూసి సరే అనేది. బయట వరుస పెద్దది, డాక్టరు ఆమె ఒక్కతే.

చివరికి రాయమల్లు భార్య సారలమ్మ కబురు పెట్టింది, ఒకసారి మా గుంజ చూసి పొమ్మని.

గోదావరిఖనిలాంటి బొగ్గుగనుల ఊళ్లలో కాలనీల తీరే అంత. దగ్గు ముదిరితే బొగ్గురంగు మేకపిల్లై గుమ్మం ముందుకొస్తుంది. గుంజకు కట్టేస్తారు. మందు సరిగ్గా పడితే అది చిక్కి చిక్కి, ఓ పొద్దున తాడే మిగులుతుంది.

రాయమల్లు మేక దూడంత ఉంది.

"గోలీలు మింగుతున్నావా కాకా?"

"మింగుతున్న మేడమ్, నీ మీదొట్టు."

"నా మీదెందుకు, ఆ మేక మీద వెయ్యి."

సారలమ్మ చాట కింద పెట్టింది. "గోలీలన్నీ బియ్యం డబ్బాల దాస్తుండు మేడమ్. అన్‌ఫిట్ అయితడట! బిడ్డకు నౌకరి ఇప్పిస్తడట!"

బొగ్గుబాయిలో పనికిరాడని డాక్టర్లు తేలిస్తే ఉద్యోగం పిల్లలకొస్తుంది. కూతురు మమత డిగ్రీ చదివి ఇంట్లోనే ఉంది.

"నయమయ్యే రోగానికి ఎవరూ అన్‌ఫిట్ చెయ్యరు కాకా."

"ఊపిరి సగం పోతే చేస్తరని మా షిఫ్టు ఉపేందర్ జెప్పిండు."

"మిగతా సగం ఆగుతుందని కూడా చెప్పాడా?"

అప్పుడే మమత నల్లా దగ్గర నుంచి బిందెతో వచ్చింది. మేక లేచి, తాడు పుటుక్కున తెంపుకుని, రాయమల్లును దాటుకుంటూ పోయి ఆమె పాదాల మీద పడుకుంది. మమత బిందె దించి చిన్నగా దగ్గింది.

రాయమల్లు దాని మెడలో మిగిలిన తాడు పట్టి లాగాడు. "ఇటు రా! నువ్వు నా దానివి, ఇటు రా!" అది కదల్లేదు.

"నౌకరి ఇద్దామనుకున్న మేడమ్," అన్నాడు తాడు వదిలేసి. "గిదా నేనిచ్చింది?"

"ముందు ఇద్దరూ చెప్పులేసుకోండి. కళ్లె పరీక్షకు పోవాలి, ఇప్పుడే."

మమతది మొదట్లోనే దొరికింది. తండ్రీకూతుళ్లు సారలమ్మ ఎదుట గోలీలు మింగారు. బతుకమ్మ నాటికి గుంజకు ఉత్త తాడు వేలాడింది. రాయమల్లు సన్నటి ఆయాసంతోనే మొదటి షిఫ్టుకెక్కాడు. మమతకు నౌకరి రాలేదు, తండ్రితో సరిగ్గా మాట్లాడదు కూడా.

గుంజ చూడకుండా ఎవరికీ నయమైందని రాయనని అనూహ్య ఆ రోజే అనుకుంది. తర్వాత రామకృష్ణాపూర్, గోలేటి బొగ్గుగనులకు బదిలీ అయింది. వరుస ఎక్కడా తగ్గలేదు. దవాఖాన మూశాక గుమ్మం గుమ్మానికి నడిచి గుంజలు చూసింది. చూడకుండా ఒక్కరికీ రాయలేదు.