లైను డబ్బాలో అక్క చిరునామా

ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఆఫీసులో అందరూ ఆమెను చీటీలావిడ అనే పిలిచేవారు. ఆమె బడి మెట్లెక్కలేదు. పొట్లాల కాగితాలు చదివి తెలుగూ, మందుసీసాల మీది లేబుళ్లు చూసి ఇంగ్లీషు అక్షరాలూ కూడబలుక్కుంది. ఇప్పుడు పెద్దసారు పుస్తకాల్లో గీత గీసిన వాక్యాలను చీటీల మీద ఎత్తిరాసి, అర్థం ప్రకారం డబ్బాల్లో సర్దడం ఆమె పని. ఒకవైపు ఖాళీగా ఉన్న ఏ కాగితాన్నీ ఆ ఆఫీసులో పారేసేవారు కాదు. అడ్డంగా నాలుగు ముక్కలు చేస్తే నాలుగు చీటీలు. గుమ్మం కింద నుంచి జారవిడిచిన ప్రకటన కాగితాలను కూడా ఆమె ఇంటి నుంచి సంచిలో వేసుకొచ్చేది.

ఆ గురువారం పొద్దున్న మెట్లు దిగుతుంటే కింది వాటా ఆవిడ అడ్డం తగిలింది.

"మీ అక్కగారిని చూసొచ్చారా? ఇవాళ నాలుగున్నరకి కారు ఎక్కుతారటగా!"

"మా అక్కా? ఎక్కడికి?"

"అయ్యో రామా! పోయిన వారం వచ్చారు కదండీ. మీరు లేకపోతే తలుపు కింద కాగితం తోశారు. ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి పోతున్నారట. అప్పటిదాకా ఎవరో స్నేహితురాలి ఇంట్లో ఉంటారట. చిరునామా అందులో రాశానన్నారే!"

చీటీలావిడ చేతిలోని సంచి వైపు చూసింది. పోయిన వారమంతా కళ్లజోడు బాగుచేయించడానికి ఇచ్చి ఉంది; ఆఫీసులో భూతద్దం పట్టుకునే చీటీలు రాసింది. తలుపు దగ్గర దొరికిన కాగితాలన్నీ తడుముకుని సంచిలో వేసుకుంది. వాటిని తన చేతులతోనే కత్తిరించింది.

అక్కతో మాటలు లేక పదకొండేళ్లు. అమ్మ పోయాక అక్క పుట్టిల్లు వదిలి వెళ్లిననాడు, ఈమె వంటింట్లో తలుపేసుకుని కూర్చుంది. కోపంతో కాదు. ఎవరైనా వెళ్లిపోతుంటే చూడటం ఆమె వల్ల కాదు, అంతే. భర్తను ఆసుపత్రి బండిలో ఎక్కిస్తున్నప్పుడు కూడా పెరట్లోకి వెళ్లి నిలబడింది. ఆయన మళ్లీ రాలేదు. అక్క మాత్రం దాన్ని పొగరనుకుంది. పొగరు కాదని చెప్పే ధైర్యం ఈమెకు చాలలేదు. ఇప్పుడు అక్కకు డెబ్బై ఆరు. ఇంకోసారి అంటూ ఏముంటుంది?

ఆఫీసుకు వచ్చేసరికి 'లైను' అనే ఇంగ్లీషు మాట చీటీల డబ్బా బల్ల మీద సిద్ధంగా ఉంది. అరవై మూడు అర్థాలు, అరవై మూడు కట్టలు, ప్రతి కట్టకూ దారం. నాలుగు నెలల పని. మూడింటికి డబ్బా కోసం ప్రెస్సు వ్యాను వస్తుంది. పోయిన వారం ఆమె రాసిన చీటీలన్నీ ఆ ఒక్క మాటవే.

"సార్, కట్టలు విప్పాలి," అంది.

పెద్దసారు తలెత్తలేదు. "కట్టిన కట్ట విప్పడం ఈ గదిలో ముప్పై ఏళ్లుగా లేదమ్మా. వరస చెడిందంటే మళ్లీ నాలుగు నెలలు."

"చెడనివ్వను. మా అక్క అందులో ఉంది సార్."

ఆయన ఈసారి తలెత్తాడు. విషయం విన్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఒక్కొక్కటి విప్పండి. కట్టాకే రెండోది. చీటీ గది దాటకూడదు," అన్నాడు.

టైపు చేసే అమ్మాయి కుర్చీ లాక్కుంది. "వెనకవైపు పెన్సిలు రాత ఉంటుంది, అంతేగా పిన్నీ? పదండి."

చేప గాలానికి కట్టే తాడు. బట్టలారేసే తీగ. తాపీపనివాడు గోడకు పట్టే దారం. జనం బారు. రైలు పట్టాలు. ఒక వంశం. నాటకంలో ఒకడి వంతు మాట. ఒకరు బతుకుతెరువుకు చేసే పని. కోటు లోపల కుట్టే గుడ్డ కూడా ఈ కుటుంబంలోదేనట.

"ఒక్క మాటకి ఇంత సంసారమా! మా అత్తగారి వైపు చుట్టాలు కూడా ఇంతమంది లేరు," అంది అమ్మాయి.

చీటీలావిడ నవ్వలేకపోయింది. గబగబా ముడులు విప్పుతూ పోయింది. జనం బారు కట్టలో మొదటి ముక్క దొరికింది. వెనక అక్క కోడిగీతలు: చెల్లీ, ఇల్లు ఖాళీ చేశాను. గురువారం నాలుగున్నరకు బండి వస్తుంది.

టెలిఫోను కట్టలో రెండోది: మోకాళ్లు పనిచేయడం లేదు. మళ్లీ ఇటు రాలేను.

ముఖం మీది ముడతల కట్టలో మూడోది: పిలవకుండా వచ్చానని నవ్వుకోకు. వస్తే రా. రాకపోతే ఇంక అడగను.

గడియారం ఒంటిగంటన్నర కొట్టింది. అరవై మూడో కట్ట కూడా విప్పి కట్టారు. నాలుగో ముక్క లేదు. చిరునామా దాంట్లోనే ఉంది.

"ఎక్కడో పడిపోయి ఉంటుంది," అని ఆమె బల్ల కిందికి వంగింది. వంగినదల్లా అక్కడే కూలబడింది. "నా చేతులు విరగ! నేనే ముక్కలు చేసుకున్నాను."

"పిన్నీ, లేవండి. కట్టల్లో లేని చీటీ ఏదైనా ఉందా?" అంది అమ్మాయి.

ఉంది. డబ్బా మీద మొదటి అట్ట. మాట పుట్టుక రాసిన చీటీని మాత్రం కట్టరు, అట్టకు జిగురుతో అంటిస్తారు. ఈ పుట్టుక తేల్చడానికి పెద్దసారు ఆరు నెలలు తల పట్టుకున్నాడు. అవిసె నారతో వడికిన దారం, దాని పేరే అన్నిటికీ పాకిందని తేలిన రోజు ఆఫీసంతటికీ టీ తెప్పించాడు. ఆ వాక్యాన్ని ఎత్తిరాసింది చీటీలావిడే, పోయిన శుక్రవారం.

ఆమె ఆ అట్ట వైపు చూసింది, తర్వాత పెద్దసారు వైపు.

పెద్దసారే లేచాడు. టీ కెటిల్ మూత తీసి, ఆవిరి మీద అట్ట పట్టాడు. "జిగురు మంచిదే కొన్నాను, దాని ముఖం మండ!" అని గొణిగాడు. చీటీ అంచు మెల్లగా లేచింది. ఇవతలి వైపు సిరా కరిగి నీలంగా పారింది. అవిసె పోయింది, నార పోయింది.

"అయ్యో సార్, మీ ఆరు నెలలు!"

"అది నా బుర్రలో ఉందిలెండి. వెనక చూడండి."

పెన్సిలు రాత చెక్కుచెదరలేదు. పడమటి వీధి, మందులషాపు పక్క సందు, ఆకుపచ్చ గేటు, మేడ మీద.

"వ్యాను వచ్చేలోపు ఇంకోటి రాసి అంటిస్తాను," అన్నాడాయన. "చీటీ గది దాటకూడదన్నానే, అది ఇవాళ్టికి లేదు. పట్టుకెళ్లండి."

రెండు బస్సులు మారాలి. రెండోది ఎంతకీ రాలేదు. సగం దూరం నడిచింది, సగం పరుగెత్తింది. సందు మొదట్లోకి వచ్చేసరికి ఆకుపచ్చ గేటు ముందు కారు ఆగి ఉంది, డిక్కీ తెరిచి ఉంది. ఆమెకు మళ్లీ పాత భయం పట్టుకుంది. మందులషాపు అరుగు చాటున నిలబడితే ఎవరికీ కనపడదు. కాళ్లు అటే లాగాయి కూడా.

మెట్ల మీద అక్క ఒక సంచి పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగుతోంది. ఇంత చిన్నగా అయిపోయిందా అక్క?

చీటీలావిడ వెళ్లి సంచి రెండో చెవి పట్టుకుంది.

అక్క చూసింది. "ఇప్పుడా రావడం?"

"కాగితం... కత్తిరించేశాను అక్కా. నాలుగు ముక్కలు."

"నీ మొహం! చదవకుండానే?"

"కళ్లజోడు లేదు."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. డ్రైవరు హారను కొట్టాడు.

"ఇందులో ఏముందే అక్కా, ఇంత బరువు?"

"రాళ్లు. మోకాలు నొప్పిగా ఉంది, మెల్లగా దిగు," అంది అక్క. తర్వాత కారు వైపు కేకేసింది: "ఓ పది నిమిషాలు ఆగవయ్యా! మా చెల్లెలు వచ్చింది."