గోతాల మీద గుర్తు

సుబ్బరావమ్మ అనుమానం మామూలుది కాదు. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడంటుంది, నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపాడంటుంది. అలాంటి మనిషికి తోడికోడలి కుట్టుమిషను చప్పుడు దొరికింది.

సత్తెనపల్లిలో మామగారు కట్టిన ఇల్లు పంపకాల్లో రెండైంది. కింద నడిమికి గోడ లేచింది గానీ, పైన చెక్కల మేడకి మాత్రం ఓ రేకు అడ్డం పెట్టి ఊరుకున్నారు. దూలాలూ చెక్కలూ రెండు వాటాలకీ ఒకటే. అవతలి వాటాలో తోడికోడలు మల్లేశ్వరి, మరిది పోయాక, మేడ మీద జాకెట్లు కుట్టుకుని బతుకుతోంది. ఆమె మిషను తొక్కితే ఇవతల దూలాలు దడదడలాడేవి.

రెండువేల రెండు ఎండాకాలంలో కూతురు శ్రీరమ్య పురిటికొచ్చింది. ఇరవై రోజుల పసిగుడ్డు ఆ చప్పుడుకి ఉలిక్కిపడి ఏడ్చేది. నిద్ర లేదు, పాలు సరిగా తాగడం లేదు, రోజురోజుకీ నీరసిస్తోంది.

"కావాలనే తొక్కుతోందే! దానికి పిల్లల్లేరు, మనకి మనవరాలు పుట్టిందని కడుపుమంట!" సుబ్బరావమ్మ రోకలితో గోడ బాదింది. మొగుడు బుల్లయ్య వైపు తిరిగి, "నువ్వు ఆ గడప తొక్కావంటే ఊరుకోను" అంది. బుల్లయ్య తలగుడ్డ చుట్టుకుని చేలోకి పోయాడు.

మర్నాడు చప్పుడు ఆగిపోయింది. సంతోషించాల్సింది పోయి సుబ్బరావమ్మకి గుబులు పట్టుకుంది. ఆడవాళ్లు గుడ్డలతో వస్తున్నారు, కుట్టిన జాకెట్లతో పోతున్నారు. చప్పుడు లేకుండా ఎలా కుడుతోంది? అసలు పైన ఏం చేస్తోంది? అంటూ గోడకేసి తిట్టిపోసేది.

మూడో రోజుకి పసిపిల్ల తుమ్ములు మొదలెట్టింది. కళ్లు ఎర్రబడ్డాయి. శ్రీరమ్యకి ఒకటే దగ్గు. దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో వేసినా ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు లెక్క. ఇక్కడ వెయ్యకుండానే ఘాటు! మల్లేశ్వరి పిల్లకి ఏదో చేతబడి చేస్తోంది, సందేహం లేదు.

కొంగు బిగించి తోడికోడలి మెట్లెక్కింది. "ఏం తగలేస్తున్నావే నా మనవరాలి నెత్తిన?"

మల్లేశ్వరి మిషను ముందు నుంచి లేచి నిలబడింది. నిప్పూ లేదు, పొగా లేదు. మిషను కింద మూడు మడతల గోతాలు పరిచి ఉన్నాయి. తొక్కినప్పుడల్లా వాటిలోంచి ఎర్రటి దుమ్ము రేగి, రేకు కిందుగా ఇవతలి వాటా చెక్కల సందుల్లోకి దిగుతోంది. మిరపకాయల గోతాలు!

"ఎవరిచ్చారే ఈ దరిద్రం..." అంటూ వంగి ఒకటి లాగింది. దాని మీద నీలంరంగుతో 'బు' అని ఉంది. కొమ్ము పొడుగ్గా, వంకరగా. బుల్లయ్య పంటని మిర్చి యార్డుకి పంపేముందు పోయినేడు తన చేత్తోనే తను వేసిన గుర్తు.

"బావగారు చెప్పొద్దన్నారక్కా. పాప నిద్ర పోవాలని తెచ్చారు. దులిపే తెచ్చానన్నారు."

మూడు రోజులుగా గోడ ఇవతలి నుంచి తిట్టిన తిట్లన్నీ విని కూడా ఈ పిల్ల బావగారి పేరు బయటపెట్టలేదు. సుబ్బరావమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. గోతాలన్నీ చుట్టుకుని మెట్లు దిగింది. కాసేపటికి తన పెట్టె అడుగున దాచుకున్న, కొత్త పత్తి కూరిన బొంత తెచ్చి మిషను కింద తనే పరిచింది.

మధ్యాహ్నం పాప నిద్రపోతోంది. అవతల చప్పుడు లేదు. సుబ్బరావమ్మ కాసేపు ఓర్చుకుంది. తర్వాత రోకలితో బాదిన చోటే గోడకి చెవి ఆనించి మేడ మీదికి వినపడేంత గొంతుతో అడిగింది.

"మల్లీ, కుడుతున్నావా? నా మీద కోపంతో మానేశావా?"

"కుడుతున్నానక్కా. పాపకి చొక్కా."